కార్డు మీద చూసే డాక్టరు

మా అమ్మ చనిపోయిన ఏడాది నాకు నిద్ర పట్టడం మానేసింది. మొదట్లో అందరూ దిగులన్నారు, తర్వాత నీరసమన్నారు, ఆ తర్వాత ఏమీ అనకుండా నా వైపు చూడటం మొదలుపెట్టారు. ఆ చూపులు నాకు నచ్చేవి కావు. పొయ్యి మీద పాలు పెట్టి, ఎందుకు పెట్టానో మర్చిపోయి నిలబడేదాన్ని. రెండేళ్ల పాప ఏడుస్తుంటే వినపడేది గానీ, లేచి ఎత్తుకోవాలని తోచేది కాదు. అదే నన్ను భయపెట్టింది. ఇలాగే ఉంటే పిల్లని నా చేతికివ్వడం మానేస్తారని, ఆ సంగతి నాకు చెప్పకుండానే మానేస్తారని నా అనుమానం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరలమ్మే ఆవిడ తూకం వేస్తుంటే నేను వంకాయల్ని కాదు, ఆమె చిటికెన వేలిని చూస్తాను. అలాంటిదాన్ని మనసు విప్పి చెప్పమంటే ఏం చెబుతాను?

చెప్పడానికైనా డాక్టరు దొరకాలిగా. విశాఖలో ప్రైవేటు సైకియాట్రిస్టు ఉన్నాడు గానీ నెలనెలా ఆయన ఫీజూ, మందులూ మా వల్ల అయ్యేవి కావు. పాలసీలు కట్టించే ఏజెంటు ఒకాయన, నడుముకి కొత్త సెల్‌ఫోను తగిలించుకుని, మా చర్చికే వచ్చేవాడు. మనసుకొచ్చే జబ్బుకి పాలసీలో డబ్బిస్తారా అని మా ఆయన అడిగితే, అదొక్కటీ ఇవ్వరని చెప్పి, ఎవరికండీ అన్నాడట. తెలిసినవాళ్లకని మా ఆయన తప్పించుకొచ్చాడు. ఆ వచ్చే ఆదివారం ఏజెంటు భార్య నాతో మరీ ప్రేమగా మాట్లాడింది. నాకర్థమైపోయింది.

ఇక మిగిలింది మా ఆయన ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ కార్డు. జీతంలో కొంత కోసుకుంటారు, ఇంటిల్లిపాదికీ వైద్యం చేస్తారు. కాకపోతే ముందు మా అనకాపల్లి డిస్పెన్సరీ డాక్టరు చీటీ రాయాలి. ఆ చీటీ ఉంటేనే విశాఖ ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజు కూర్చునే సైకియాట్రిస్టు చూస్తాడు. డిస్పెన్సరీలో పద్ధతేమిటంటే, డాక్టరు బల్ల చుట్టూ అందరూ మూగి ఉంటారు. ఒకరు రోగం చెబుతుంటే మిగతావాళ్లు వింటారు, వినడమే కాదు, సలహాలూ ఇస్తారు. అంతా మా ఆయనతో పనిచేసేవాళ్ల పెళ్లాలు, తల్లులు.

"గేస్ అని సెప్పు," అన్నాడు మా ఆయన గేటు దగ్గరే. "లోపలంతా మా షిఫ్టోళ్ల మనుసులే."

గ్యాస్ అనే చెప్పాను. సీసా నిండా గులాబీ రంగు మందు పోసిచ్చారు. మళ్లీ వెళ్లాను, మళ్లీ గ్యాసే. అలా లేని గ్యాస్‌కి చాలాకాలం మందు తాగాను. చివరికి కడుపులోకి గొట్టం వేసి చూడాలని డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టాడు. అంతమందిలోనే చెప్పేశాను.

"గేస్ కాదండి. నిద్దర్లేదు. బతకాలని లేదు."

డాక్టరు తలెత్తి నన్నొకసారి చూసి, రాస్తున్న చీటీ చింపేసి ఇంకోటి రాశాడు.

విశాఖలో సైకియాట్రిస్టు మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు మరీ అనుమానం. మీ వెనకాల ఎవరైనా మీ గురించి మాట్లాడుకుంటున్నట్టు అనిపిస్తుందా అని అడిగాడు. అవునంటే పిచ్చని రాస్తాడు, కాదంటే అబద్ధం. మీకెవరు చెప్పారండీ అని ఎదురడిగాను. ఆయన నవ్వి, మాత్రలు రాసి, తను చెప్పేదాకా ఆపొద్దన్నాడు.

కొన్ని వారాలకి నిద్ర పట్టసాగింది. ఒక పొద్దున్న పాప ఏడిస్తే లేచి ఎత్తుకున్నాను. ఎత్తుకున్నానని తర్వాత తెలిసింది. దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

బాగైనందుకు వేరే చిక్కొచ్చింది. మా చర్చిలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. ప్రార్థన వల్ల స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పాక ఇంకా మందు మింగితే దేవుణ్ని నమ్మనట్టే. అలాగని ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసంతే. మా అత్తగారు నా కోసం ఉపవాసాలుండి ప్రార్థించిన మనిషి. ఆవిడ నా బీరువాలోంచి మాత్రల అట్ట తీసి చూడటం నా కంటబడింది. నన్ను చూడగానే గబుక్కున లోపల పెట్టేసింది. పారేయడానికే అనుకుని, అప్పట్నుంచి అట్టని బియ్యం డబ్బాలో దాచాను. సాక్ష్యం చెప్పేస్తే సరిపోతుంది కదా, మాత్రలింక చాలు కదా అని మా ఆయనా నసిగాడు. అంటే తల్లీ కొడుకూ కూడబలుక్కున్నారన్నమాట. మాత్రలు ఆగితే నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే పాప నా చేతిలో ఉండదు. నాకు తెలిసింది అదొక్కటే.

ఆదివారం పాస్టరుగారు పిలిచారు. లేచి, నా కోసం ప్రార్థించిన అందరికీ వందనాలు చెప్పాను. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"మాత్తర్లు ఏసుకుంటన్నాను. డాక్టరుగారు ఆపమనేదాకా ఆపను. ఆ డాక్టర్ని దేవుడే సూపించేడనుకుంటన్నాను."

ఆమెన్ అన్నవాళ్లు తక్కువ. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట అందుకున్నారు. చాప మీద నా పక్కన జాగా పెరిగింది. అనుమానం కాదు, నిజంగానే జరిగి కూర్చున్నారు.

తిరిగొస్తుంటే మా ఆయన పాపనెత్తుకుని ముందు వెళ్లిపోయాడు. అత్తగారు బైబిలు సంచి చంకన పెట్టుకుని నా పక్కనే నడిచింది. తిట్లకి సిద్ధంగా ఉన్నాను. రైలు గేటు వేసుంటే ఇద్దరం ఆగాం. గూడ్సు చప్పుడులో, నా వైపు చూడకుండా అంది.

"మీ మావ పోయిన కాణ్ణించీ నాకూ నిద్దర్లేదమ్మా. ఆ మాత్తర్లు ఏసుకుంటే పడతాదేమో అని తీసి సూసేదాన్ని. ఏసుకోడానికి బయమేసేది. ఆ కార్డులో నా పేరు కూడా ఉందా?"

ఉందని చెప్పాను. మా మావగారిని నేను ఫొటోలో తప్ప చూడలేదు. నా పెళ్లికి చాలా ముందే పోయారు.