విల్మ అత్త జేబులో పాట

మా బడి వంటగదికి సరిగ్గా పైనే విల్మ అత్త పాటల గది. రోజూ పొద్దున్నే ఒకటో తరగతి పిల్లలు నా నెత్తిమీద కాళ్ళతో తాళం వేస్తుంటే, నేను కింద అదే తాళానికి ఉల్లిపాయలు తరిగేదాన్ని. పిల్లలు తాళం తప్పితే నా వేలు తెగాలి. నా చేతులు చూడండి, ఒక్క గాటు లేదు. ఆవిడ ఎంత బాగా నేర్పేదో ఇక మీరే అనుకోండి.

మా ఊళ్ళో పిల్లలు టీచరును అత్త అనే పిలుస్తారు, వంట చేసే నన్నూ తెరెజ్ అత్త అనే అంటారు. తిసా నదికి ఇటువైపు పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే టీచరైన మనిషి విల్మ. పాటల గదిలో పియానో ఉంది, దాని మీద పూలకుండీలు పెట్టింది. "గొంతు ఉండగా పెట్టె ఎందుకే తెరెజ్?" అనేది. ఆవిడ సరంజామా అంతా ఒక శ్రుతిదండం, రెండు కొమ్ముల ఉక్కు ముక్క. దాన్ని మోకాలికి టంగుమని కొట్టి పిల్లల చెంపకు ఆనిస్తే వాళ్ళు కితకితలు పెట్టినట్టు నవ్వి, ఆ నవ్వులోంచే స్వరం అందుకునేవాళ్ళు. హాజరు కూడా పాడే పిలిచేది. "ఎక్కడున్నావ్?" అని రెండు స్వరాల్లో ఆవిడ పాడితే, "ఇక్కడున్నా" అని అవే స్వరాల్లో బదులు రావాలి. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ వీధి అవతలివాళ్ళను అలాగే పిలుస్తారు. రొట్టెల కొట్టువాడు కూడా!

అన్నిటికంటే నాకు ఇష్టమైనది జేబు ఆట. మధ్యాహ్నం భోజనానికి వస్తూ పిల్లలు పైమెట్టు మీద పాట ఎత్తుకుంటారు. విల్మ అత్త ఉన్నట్టుండి కుడిచెయ్యి గౌను జేబులో పెట్టేస్తుంది. టక్కున నిశ్శబ్దం! కానీ పాట ఆగదు, ఒక్కొక్కరి తలలో నడుస్తూనే ఉంటుంది. మెట్లన్నీ దిగి నా వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాక చెయ్యి బయటికి తీస్తుంది. అందరూ ఒకే మాట దగ్గర, ఒకే స్వరంలో పైకి తేలాలి. తేలేవాళ్ళు! నేను గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయేదాన్ని. రాజధాని బుదపెష్త్ నుంచి వచ్చిన కొత్త హెడ్మాస్టరు హల్మోష్ గారు ఒకసారి అది చూసి, "పిల్లల్ని భలే అదుపులో పెట్టారండీ, ఒక్కరూ మాట్లాడట్లేదు" అని మెచ్చుకున్నారు. పాపం, వాళ్ళు మాట్లాడట్లేదని మాత్రమే ఆయనకు వినపడింది.

మనిషి చెడ్డవాడు కాదు. కంప్యూటర్ల పిచ్చి, అంతే. ఏప్రిల్ రాగానే ఆయన చెప్పేశారు. ఒకటో తరగతిలో చేరే పిల్లల పేర్లు రాసే రోజున రెండు బల్లలు వేస్తాం, ఒకటి రోజూ పాట ఉండే తరగతికి, ఒకటి కంప్యూటర్ తరగతికి. పాట బల్ల దగ్గరికి తరగతికి సరిపడా జనం రాకపోతే ఆ గది కంప్యూటర్లకే. విల్మ అత్తకు వారానికి ఒక్క గంట మిగులుతుంది.

"వారానికి ఒక్క గంటలో ఏం నేర్పుతానే?" అంది ఆవిడ ఆ సాయంత్రం నా వంటగదిలో కూర్చుని. గసగసాలు చల్లిన నూడుల్స్ పళ్ళెంలో పెట్టిచ్చాను, ఫోర్కు కూడా ముట్టలేదు. "పాట పిల్లల ఒంట్లోకి దిగాలంటే రోజూ తడపాలి. లేకపోతే పైపైన జారిపోతుంది."

"ఎవరూ రారంటావా?"

"లెహెల్ ఎటు వెళితే అందరూ అటే వెళతారు. వాడేమో పాట దండగని ఊరంతా తిరిగి చెబుతున్నాడు."

లెహెల్ అంటే ప్లంబరు. ఎడ్లబండి అంత మనిషి, గొంతు అంతకంటే పెద్దది. వాళ్ళమ్మాయి ఎమేషె ఆ ఏడే బడిలో చేరాలి. చిన్నప్పుడు వాడూ విల్మ అత్త దగ్గరే పాడినవాడు. జేబు ఆటలో ఎప్పుడూ ఆగలేడు, ఆవిడ చెయ్యి బయటికి రాకముందే తొందరపడి ఒక్కడే అరిచేవాడు. ఇప్పుడు మాత్రం నా సింకు బాగుచెయ్యడానికి వచ్చి, కింద పడుకునే పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు.

"విల్మ అత్త నాలుగేళ్ళు రోజూ పాడించింది తెరెజ్ అత్తా! ఏం ఒరిగింది? ఇన్నేళ్ళుగా పని చేస్తున్నా, ఏ పైపూ నన్ను సో-మీ స్వరాలు పాడమని అడగలేదు."

"నోరు మూసుకుని బిగించు. కారుతోంది," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. వ్యాయామశాల నేలకు వార్నిష్ వేస్తున్నారని సభ పెరట్లో పెట్టారు. రెండు చర్చిల మధ్య ఉంది మా బడి. ఎండ బ్రహ్మాండంగా కాసింది, ఊరంతా దిగింది. పదకొండున్నరకు రెండో తరగతి పిల్లల పాట, ఆ తర్వాత పేర్లు రాయడం. పాటకు ముందు హెడ్మాస్టరు గారు రెండు మాటలు మాట్లాడతానన్నారు. అవి ఎలాంటి రెండు మాటలంటే, నా పొయ్యి మీద సూపు రెండుసార్లు చల్లారింది! విల్మ అత్త తెల్ల చొక్కాల పిల్లల్ని వరుసగా నిలబెట్టుకుని ఆకాశం కేసి, చర్చి గడియారం కేసి చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. అయ్యో దేవుడా, పన్నెండు గంటలు! మా ఊళ్ళో మధ్యాహ్నపు గంట మోగితే పక్కవాడి మాట వినపడదు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టే, సభ పెట్టేటప్పుడు ఒక్కరికీ గుర్తురాలేదు.

ఎట్టకేలకు ఆయన దిగారు. విల్మ అత్త శ్రుతిదండం మోకాలికి కొట్టింది. పిల్లలు వంతెన పాట ఎత్తుకున్నారు. మా ఊరి పిల్లలందరికీ వచ్చిన పాట అది, ఊరంతా ఒక్కొక్కరే వంతెన దాటే పాట. ముందు బాతు దాటుతుంది, తర్వాత మేక, ఆవు, మిల్లు యజమాని, అతని పెళ్ళాం, పాదిరి, ఆఖరికి పెళ్ళికూతురు. మేక సగం వంతెన మీద ఉండగా మొదలైంది, ఢాం!

పెద్ద చర్చి గంట. కిటికీ అద్దాలు అదిరాయి. హెడ్మాస్టరు గారు రెండు చేతులూ ఊపుతూ ఆపెయ్యమన్నారు. విల్మ అత్త ఆయన కేసి చూడనే లేదు. పిల్లల కళ్ళలోకి చూస్తూ మెల్లగా చెయ్యి జేబులో పెట్టేసింది.

 ఇవి నా వంటగది మెట్లు కావు. ఆ గంటకు దాని స్వరం దానిది, పెద్దవాళ్ళ గొంతునే లాగేసుకుంటుంది, ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఎంత! కానీ వాళ్ళు కదల్లేదు. ముందు పళ్ళు ఊడిన ఒక పిల్ల మడమ మాత్రం బూటులో చిన్నగా తాళం వేస్తోంది.

"మర్చిపోయారు!" అని లెహెల్ నా చెవిలో అరిచాడు. "ఇదేనా చదువు?"

పెద్ద గంట ఆగింది. జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. పిల్లలు మాత్రం నోరు విప్పలేదు. వాళ్ళకు తెలుసు, అవతలి తెల్ల చర్చివాళ్ళు ఇవతలివాళ్ళ గడియారాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు, ఈ గంట ఆగాకే వాళ్ళ గంట మొదలవుతుంది. మొదలైంది! హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఎందుకో ఆ నవ్వు ఆగిపోయింది. చుట్టూ చూశాను. ఆ పెరట్లో నిలబడ్డ తల్లిదండ్రుల్లో సగం మందికి పైగా ఒకప్పుడు జేబు ఆటలో ఆ మెట్లు దిగినవాళ్ళే. ఒకామె చంకలో బిడ్డను సన్నగా ఊపుతోంది. రొట్టెల కొట్టువాడు కళ్ళు మూసుకున్నాడు. లెహెల్ బొటనవేలు తొడ మీద కొట్టుకుంటోంది. ఆ సంగతి వాడికి తెలియదు!

రెండో గంట ఆగింది. దాని ఝుంకారం సన్నబడింది, ఇంకా సన్నబడింది. విల్మ అత్త మోచెయ్యి కదిలింది.

"పెళ్..." అని ఎవరో ఉరిమారు.

చెయ్యి బయటికి వచ్చింది. "పెళ్ళికూతురు వంతెన దాటె!" అని పిల్లలంతా ఒక్కసారిగా పైకి తేలారు. పిల్లలేనా, పెరడంతా తేలింది! తల్లులు, తండ్రులు, రొట్టెల కొట్టువాడు, గరిటె ఎత్తి పట్టుకుని నేను! అదే మాట, అదే స్వరం, వెంట్రుకవాసి కూడా దిగలేదు. పాట ముగిశాక విల్మ అత్త శ్రుతిదండం కొట్టి, మైకు అందుకుని దాని ముందు పెట్టింది. మేం ఆగిన స్వరంలోనే అదీ మోగింది. హెడ్మాస్టరు గారు నోరు తెరిచి ఆ ఉక్కు ముక్కనే చూస్తుండిపోయారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

అందరికంటే ముందు ఉరిమింది ఎవరో చెప్పాలా? నా పక్కన లెహెల్ ముఖం బీట్‌రూట్ అయిపోయింది. విల్మ అత్త మైకు ఇంకా చేతిలో ఉండగానే వాడి కేసి తిరిగింది.

"లెహెల్, ఇప్పటికీ తొందరేనా?"

పెరడంతా గొల్లుమంది. నేను ఊరుకుంటానా? "ఏ పైపు అడిగిందిరా నిన్ను?" అన్నాను.

వాడు ఎమేషెను భుజాన ఎత్తుకుని, జనాన్ని తోసుకుంటూ నడిచాడు. హెడ్మాస్టరు గారు దారి చూపించబోయారు. "అయ్యా, కంప్యూటర్ల బల్ల అటు..."

"తెలుసండీ," అన్నాడు లెహెల్, పాట బల్ల ముందే ఆగి. వాడి వెనక అప్పుడే వరస కట్టేశారు. ఎమేషె వంగి వాడి చెవి పట్టుకుంది.

"నాన్నా, పెళ్ళికూతురు వచ్చిందని నీకెలా తెలిసింది? ఎవరూ పాడట్లేదుగా!"

లెహెల్ పెన్ను తీసుకుని కూతురి పేరు రాశాడు.

"విల్మ అత్తను అడుగు," అన్నాడు. "సెప్టెంబరు నుంచి రోజూ కనపడుతుందిగా."