మెల్లగా కొట్టిన బంతి

మొన్న ఆదివారం నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంటే మా తమ్ముడి కొడుకు వచ్చి పక్కన కూలబడి, "అత్తా, ఇది చూడు, ఎంత జాలీగా ఉండాదో" అంటూ ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. వీడియోలో ఒక హాకీ గ్రౌండు. గోల్‌పోస్టు ముందు ఒక కుర్రవాడు కాళ్ళకు ప్యాడ్లు లేకుండా, చేతులు రెండూ తలమీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా పెద్ద కుర్రాళ్ళు వరసకట్టి, ఒకడి తర్వాత ఒకడు అతని కాళ్ళకేసి బంతి కొడుతున్నారు. తగిలినప్పుడల్లా వెనకనుంచి ఈలలు. దెబ్బలు తింటున్నవాడు నవ్వబోయి, నవ్వు రాక మూతి వంకర పెట్టాడు. "టీంలోకి కొత్తగా వచ్చినోళ్ళకు ఇట్ల చేస్తారంట అత్తా, సరదాకి" అని మావాడి వ్యాఖ్యానం. "సరదా నీ మొహం" అని ఫోన్ లాక్కుని ఆపేశాను. గింజలూ తొక్కలూ ఒకే గిన్నెలో పోసేసి లేచి వంటింట్లోకి పోయాను. అత్తకు బీపీ పెరిగినట్టుందని వాడు వాళ్ళమ్మకు చెప్పాడట. బీపీ కాదురా నాయనా, ఒళ్ళు మండింది. ఆ వీడియోలో ఉన్నది నేను కళ్ళారా చూశాను, అదీ ఫోన్లు లేని కాలంలో.

తొంభైల్లో మా హిందూపురానికి, పెనుకొండకు, ధర్మవరానికి హాకీ పిచ్చి బాగా పట్టుకుని ఉండేది. ఎందుకు పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. చుట్టూ వేరుశనగ చేలు, తాగే నీళ్ళకే కటకట, గ్రౌండంటే గులకరాళ్ళు ఏరి పక్కన పోసిన ఎర్రమట్టి. కొట్టిన బంతి ఎటు ఎగురుతుందో కొట్టినవాడికే తెలియదు. అయినా ఆదివారం వచ్చిందంటే ప్యాసింజర్ రైల్లో సగం పెట్టె మాదే. ఒక వారం ఈ ఊళ్ళో ఆట, ఇంకో వారం ఆ ఊళ్ళో. నేను మా ఊరి ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపర్ని. ప్రతిభ చూసి ఇచ్చారనుకునేరు, జట్టులో పరిగెత్తలేనిదాన్ని నేనొక్కదాన్నే. మా నాయన పట్టుగూళ్ళ మార్కెట్లో తూకం వేసేవాడు. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే ఇల్లంతా గూళ్ళ వాసన. నా ప్యాడ్ల పట్టీలు తెగినప్పుడల్లా గోనెసంచులు కుట్టే పురికొసతో ఆయనే కుట్టి ఇచ్చేవాడు. "పెండ్లి కావాల్సిన పిల్ల కాళ్ళకు పరుపులు కట్టుకోని యాడికి పోతాండాదో సూడండి" అని మా అవ్వ వీధంతా వినేలా సాగదీసేది. మళ్ళీ ఆవిడే తెల్లారకముందే లేచి డబ్బాలో బొరుగుల ఉగ్గాని కుక్కి పంపేది.

ఆ ఆటల్లోనే నాకు ఒక కుర్రవాడు పరిచయమయ్యాడు. అతనిది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. పట్టుదారానికి రంగులద్దే పని కూడా ఇంట్లోనే కాబట్టి అతని వేళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. ఒక వారం కుంకుమ రంగు, ఇంకో వారం నెమలిపింఛం పచ్చ. వారమంతా మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళతో చెక్కలు తొక్కే మనిషి, గ్రౌండులోకి వస్తే తాడు తెంచుకున్న దూడలాగా ఉరికేవాడు. మొదటిసారి మాట్లాడింది కూడా నా కాళ్ళ గురించే. సరదాగా పెట్టుకున్న ఆటలో అతను కొట్టిన బంతులన్నీ నేను కాళ్ళతోనే ఆపితే దగ్గరికొచ్చి, "ఏం పాపా, అవి కాళ్ళా బండలా?" అన్నాడు. "నీ దెబ్బలకు బండలెందుకు, తలగడలు చాలు" అన్నాను. మా జట్టంతా గొల్లున నవ్వింది. ఆ రోజునుంచి రైల్లో నా ఎదురు సీటు అతనికోసం ఖాళీ పెట్టడం మా పిల్లలకొక పని అయిపోయింది. ప్రేమ అనే మాట మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు. ఉడకబెట్టిన శెనక్కాయలు తానే ఒలిచి నా చేతిలో పోసేవాడు, అంతే. కులాలు వేరు. ఆ గొడవ ఎటూ ఉంటుంది, తర్వాత చూసుకుందాం అనుకున్నాం.

ఇక నామకరణం సంగతి చెప్పాలి. పెద్ద టోర్నమెంట్లకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి కట్టే మగపిల్లల జట్టులోకి కొత్తగా వచ్చినవాడికి మొదట పేరుండదు. "ఏయ్", "రేయ్" అనే పిలుస్తారు. పెద్ద టోర్నమెంటుకు ముందు పెనుకొండ కొండ కింద మైదానంలో శిక్షణ పెట్టేవాళ్ళు. అక్కడ ఒక పొద్దున అతన్ని వట్టి కాళ్ళతో గోల్‌లో నిలబెట్టి సీనియర్లందరూ తలా ఒక దెబ్బ కొడతారు. కదిలితే మళ్ళీ మొదటినుంచి. ఎక్కడ వాచిందో, ఎట్లా నడుస్తున్నాడో చూసి దాన్నిబట్టి పేరు పెడతారు. బుడిపోడు, వంకరోడు, ఇట్లాంటివి. ఊళ్ళోవాళ్ళు గుగ్గిళ్ళు తింటూ గట్టుమీద కూర్చుని చూసేవాళ్ళు. డ్రిల్లు సారు కుర్చీ అటు తిప్పి వేసుకుని టీ తాగేవాడు. ఎవరైనా అడిగితే నేను చూడలేదని చెప్పడానికి వీలుగా! ఆ వీపు ఇప్పుడు తలుచుకున్నా నాకు చెప్పు తీసుకోవాలనిపిస్తుంది.

అతనికి నామకరణం అయిన ఏడు నేను అక్కడ లేను. మరుసటి ఆదివారం రైల్లో కుంటుతూ ఎక్కాడు. అడిగితే మెట్లమీద జారినాను అన్నాడు. "రేయ్ కుంటోడా, ఈడ కూచో" అని వెనకనుంచి ఎవడో పిలిచాక విషయం బయటపడింది. చీలమండ ఎముక చిట్లింది. రెండు నెలలు మగ్గం తొక్కలేకపోయాడు. అతని బదులు వాళ్ళమ్మ గుంటలోకి దిగింది. ఆ తల్లి ఏమన్నదో తెలుసా? కొడుకు కాలికి పసుపు పట్టు వేస్తూ, "నా కొడుకు టీంలో పడినాడు" అని ఇరుగుపొరుగుకు బెల్లం పంచిందట. ఎవరిమీద మండిపడాలో నాకు తెలియలేదు. నేను ఏడుస్తుంటే అతనే నన్ను ఊరుకోబెట్టాడు. "వచ్చే ఏడు నేనూ సీనియర్నే గదా. ఈ పాడు పని నేనే నిలిపేస్తా. నీ మీద ఒట్టు" అన్నాడు.

ఆ మాటకే నేను అతన్ని పెళ్ళి చేసుకోవాలని తేల్చుకున్నాను. అందం చూసి కాదు, ఆట చూసి కాదు. దెబ్బ తిన్నవాడు ఇంకొకడికి ఆ దెబ్బ తగలనీయను అన్నాడే, అది చూసి. ధైర్యం చేసి మా నాయనకు చెప్పాను. ఆయన "మాట మీద నిలబడేవోడేనామ్మా?" అని మాత్రం అడిగాడు. "నిలబడతాడు నాయనా" అన్నాను. వచ్చే ఏడు టోర్నమెంటు అయిపోయాక తానే ధర్మవరం పోయి వాళ్ళ పెద్దలతో మాట్లాడతానన్నాడు. కులం మాట ఎత్తలేదు. మా అవ్వ మాత్రం మూడు రోజులు గోడవైపు తిరిగి అన్నం తిన్నది.

మరుసటి ఏడు శిక్షణకు మా ఆడపిల్లల జట్టును కూడా పిలిచారు. మేము పొద్దున బండికి పెనుకొండలో దిగి, కిట్లు మోసుకుని మైదానానికి చేరేసరికి గట్టుమీద జనం, గుగ్గిళ్ళు, అటు తిరిగిన కుర్చీ, అన్నీ సిద్ధం. గోల్‌లో రొద్దం నుంచి వచ్చిన కొత్త కుర్రవాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వరసలో మధ్యన మావాడు. నాకు గుండె నిబ్బరంగానే ఉంది. ఇప్పుడు ముందుకొస్తాడు, ఇప్పుడు చాలు అంటాడు అని చూస్తున్నాను. మొదటి దెబ్బ పడింది. ఇప్పుడంటాడు. రెండోది మోకాలి కింద తగిలి టక్కుమన్నది. మావాడు స్టిక్కు పిడి సర్దుకుంటూ నేల చూస్తున్నాడు. ఇంక నావల్ల కాలేదు. నా ప్యాడ్లు తీసుకుని గోల్‌లోకి పరిగెత్తాను. జన్మలో అంత వేగంగా పరిగెత్తింది అప్పుడే.

ఆ పిల్లవాడి కాళ్ళముందు మోకాళ్ళమీద కూర్చుని ప్యాడ్లు కట్టడం మొదలుపెట్టాను. "వద్దక్కా, టీంలోంచి తీసేస్తారు" అని గొణిగాడు. అన్నా, కాళ్ళు కదపకుండా నిలబడి ఉన్నాడు వాడు. కెప్టెన్ గట్టిగా అరిచాడు. "ఏం పాపా, నీకేం పని ఈడ? ఇది మొగోళ్ళ యవ్వారం."

"చేతులెత్తి నిలబడినోని కాళ్ళమీద కొట్టేది మొగతనమా? మీ మొగతనం మన్నుగాను! థూ!" అన్నాను. గట్టుమీద నవ్వులు ఆగాయి. నేను పట్టీ బిగించి తలెత్తేసరికి తర్వాతి వంతు ఎవరిదో కనిపించింది. ఎదురుగా బంతి పెట్టుకుని అతను. ఎవరికీ వినపడకూడదన్నట్టు నాతో అన్నాడు: "లెయ్యి, పక్కకు రా. నేను మెల్లగానే కొడతా."

లేచాను. పక్కకు పోలేదు. ఆ పిల్లవాడికి అడ్డంగా, వట్టి కాళ్ళతో నిలబడ్డాను. "కొట్టు" అన్నాను. అతను నా వైపు చూడలేదు, కెప్టెన్ వైపు చూశాడు. "రేయ్ కుంటోడా, ఆడపిల్లకు భయపడితివా?" అన్నాడు కెప్టెన్. అతను వంగి కొట్టాడు. బంతి ఎర్రమట్టిలో దొర్లుకుంటూ, దారిలో ఒక రాయిని తప్పించుకుని, వచ్చి నా కాలి బొటనవేలిని తాకి ఆగింది. నొప్పి లేదు. చీమ కుట్టినంత కూడా లేదు. అంత జాగ్రత్తగా కొట్టాడు. ఆ బంతి తీసి బలమంతా పెట్టి కంపచెట్లలోకి విసిరేశాను. ఉన్నవాటిలో మంచి బంతి అదొక్కటే. డ్రిల్లు సారు అప్పుడు లేచాడు కుర్చీలోంచి, అప్పుడు! "బంతి యాడికి పోయిందప్పా?" అని. పిల్లవాడి కాలు కనిపించని కళ్ళకు బంతి కనిపించింది. బంతి వెతుకులాటలో ఆ పొద్దు నామకరణం ఆగిపోయింది. మమ్మల్ని ఆడనీయకుండానే వెనక్కి పంపేశారు.

వారం తర్వాత అతను హిందూపురం వచ్చాడు. మా అవ్వ, అన్ని రోజులు గోడవైపు తిరిగిన మనిషి, పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరింది. తిన్నాక వసారాలో నాతో అన్నాడు. "నేను మెల్లగానే కొట్టినా గదా. నీకు తగల్లేదు గదా. కొట్టకపోతే నన్ను టీంలోంచి తీసేస్తాండ్రి. నన్నే తీసేసినాక ఇంక నిలిపేది ఎట్ల?" కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అబద్ధపు నీళ్ళు కావు. అతను చెడ్డవాడు కాడు, అదే నా బాధ.

"గట్టిగా కొట్టింటే తెలీక కొట్టినావు అనుకుందును" అన్నాను. "మెల్లగా కొట్టినావంటే, అది తప్పని నీకు తెలుసు. తెలిసి కొట్టినావు."

అతనికి అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. "పిల్లోడు బంగారట్ల ఉండాడు, యాల వద్దంటాండావే?" అని మా అవ్వ మొత్తుకుంది. మా నాయన ధర్మవరం పోవడానికని ఉతికి మడత పెట్టుకున్న తెల్లచొక్కాను తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

తర్వాత నాకు వేరే పెళ్ళయింది, బాగానే ఉన్నాను. రెండువేల సంవత్సరం దాటాక ఎప్పుడో మా జట్టు స్నేహితురాలు ఒకామె బెంగుళూరు బస్సులో కలిసి ఆ ఊళ్ళ కబుర్లన్నీ చెప్పింది. నామకరణం మానలేదట. ఆ రొద్దం పిల్లవాడే కెప్టెన్ అయ్యాడట. అందరికంటే గట్టిగా కొట్టేది అతనేనట. అది విన్న రోజు బస్సు కిటికీ ఊచను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అరచేతిలో తుప్పు అంటుకుంది. చిన్నతనం ముచ్చట్లు, ఇంకా మనసులో పెట్టుకుంటారా అని మా ఆయన నవ్వుతాడు. పెట్టుకుంటాను. కాలం అతని ముఖాన్ని నా దగ్గరనుంచి చాలావరకు తీసేసుకుంది, గొంతును కూడా తీసుకుంది. కోపం మాత్రం నేను ఇవ్వలేదు.