రెండు వీధులూ పలికిన పాట

నా చిన్నప్పుడు మా ఊళ్లో పాటకి పలకడమంటే మాట కలపడమే. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే, ఇసక మీద రెండే వీధులున్న ఊరు మాది. పెద్ద వల లాగాలన్నా, నావను ఒడ్డుకెక్కించాలన్నా ఆడా మగా అందరూ తాడు పట్టాల్సిందే. ఒకరు పాట ఎత్తేవారు, మిగిలినవాళ్లు 'ఐలెస్సా' అని పలికేవారు. ఆ పలుకు మీదే అందరూ ఒక్కసారి బలం వేసేవారు. తగువుపడి మాటల్లేనివాళ్లు మాత్రం అవతలివాళ్లు ఎత్తిన పాటకి నోరు విప్పేవారు కారు. పలికారంటే తగువు తీరిపోయినట్టే, ఇక పెద్దమనుషుల అవసరం లేదు.

పాట ఎత్తేది ఎప్పుడూ రెండో వీధి పెద్దాయన. ఊరంతా ఆయన్ని పాట తాత అనేవారు. వరసకి మా మామ్మకి బావ. అల ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు వెనక్కి లాగుతుందో చూసుకుని దానికి తగ్గట్టు పాట నడిపేవాడు. మధ్యమధ్యలో తాడు పట్టినవాళ్ల మీద వేళాకోళాలు కట్టేవాడు. కొత్త కోడలి వంట, కొత్త అల్లుడి మీసం, ఏదీ వదిలేవాడు కాదు. మాట పడ్డవాళ్లు ఉడుక్కుంటూనే ఇంకొంచెం గట్టిగా లాగేవారు.

ఒకరోజు ఆ వేళాకోళం మా చిన్నాన్న మీద పడింది. అప్పుడప్పుడే చేపల వేటకి వెళ్తున్న కుర్రాడు, నావలో వాంతులు చేసుకుని తిరిగొచ్చాడు. 'ఒడ్డు మీద పెద్దపులి, అల మీద పిల్లికూన' అని పాడాడు తాత. ఒడ్డంతా విరగబడి నవ్వింది. చిన్నాన్న తాడు వదిలేసి, విసురుగా వెళ్లి, తాత మెడలో తువ్వాలు పట్టుకుని లాగేశాడు. ఆ పెద్దమనిషి ఇసకలో బోర్లా పడ్డాడు. తాత పెద్దకొడుకు చిన్నాన్నను కొట్టాడు, అతన్ని మా నాన్న కొట్టాడు. సాయంత్రానికల్లా రెండు వీధులకీ మాటల్లేకుండా పోయాయి.

మా వీధికి పెద్దదిక్కు మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి. "ఆ ముసిలోడి పాటకి పలికినోలు ఎవులైనా నా గుమ్మం తొక్కకూడదు" అని నడివీధిలో నిలబడి చెప్పేసింది. తప్పు తన కొడుకుదేనని ఆవిడకి తెలుసు. కానీ కడుపుతీపి ఒకటి, దాని మీద పంతం ఒకటి. మాటల్లేకపోయినా వల మాత్రం రెండు వీధులూ కలిసే లాగాలి కదా. ఓసారి అలా లాగుతుంటే, తాత పాటకి అలవాటు కొద్దీ నా నోట్లోంచి 'ఐలెస్సా' వచ్చేసింది. "పలికీసినావేటే గుంటా!" అని నా నెత్తిమీద మొట్టింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మొట్టికాయ సంగతి అలా ఉంచండి, నోరు మూసుకుని తాడు లాగడం ఎంత కష్టమో చెప్పలేను. చేతులవే, తాడదే, బరువు మాత్రం రెట్టింపైపోయేది.

అలా ఆరు నెలలు గడిచాయి. తుపాను రోజులు వచ్చాయి. ఒకనాడు మా నాన్న, చిన్నాన్న తెల్లవారుజామునే వేటకి వెళ్లారు. పొద్దెక్కాక గాలి తిరిగింది. మధ్యాహ్నానికి మిగిలిన నావలన్నీ వచ్చేశాయి, వాళ్ల నావ రాలేదు. అందరం ఒడ్డుకి పరిగెత్తాం. చాలాసేపటికి అలలు విరిగే చోటుకి అవతల కనిపించింది. తెడ్డు విరిగిపోయింది, సగానికి పైగా నీళ్లు. ఇద్దరూ దోసిళ్లతో నీళ్లు తోడుతున్నారు.

అప్పుడు పాట తాత పెద్దకొడుకు, మా నాన్న చేతిలో దెబ్బలు తిన్నవాడే, తాడు కొస నడుముకి కట్టుకుని నీళ్లలోకి దూకాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అతనూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఎలా ఈదాడో ఏమో, నావ ముక్కుకి తాడు కట్టి అందులోనే కూలబడ్డాడు. ఇప్పుడు నావలో ముగ్గురు.

తాడుకి ఒక పక్క మా వీధి, ఇంకో పక్క రెండో వీధి. అల నావను ముందుకి తోసేటప్పుడు లాగాలి. అల వెనక్కి పీల్చేటప్పుడు లాగితే నావ ముక్కు నీళ్లలో మునిగి తలకిందులవుతుంది. తాత పాట ఎత్తాడు. ఆయన వీధివాళ్లు పలికి లాగారు. మావాళ్లు పళ్లు బిగించి, వాళ్లని చూసుకుంటూ ఒక క్షణం ఆలస్యంగా లాగారు. తాడు ఒకసారి బిగుసుకుని ఒకసారి వదులైంది. నాలుగోసారికి నావ అడ్డం తిరిగింది. దాని మీద నుంచి అల వచ్చేసింది. కాసేపు నావ కనిపించలేదు.

మళ్లీ తేలింది. ముగ్గురూ అంచు పట్టుకుని వేలాడుతున్నారు. నేను ఏడుస్తున్నాను, పలకాలని గొంతు దాకా వస్తోంది, మామ్మ వైపు చూస్తున్నాను. మా వీధంతా ఆవిడ వైపే చూస్తోంది. "పలకమంటావా, వద్దంటావా? సెప్పు మామ్మా!" అని మా వరసలోంచి ఎవరో అరిచారు. తాత కూడా పాట ఆపేశాడు.

మామ్మ పలకమనలేదు. తాడు వదిలి ముందుకెళ్లి, తాత పక్కన నిలబడి, తనే పాట ఎత్తింది. అంతకు ముందు మామ్మ పాడగా నేను వినలేదు. 'పాటగాడు మా బావ, పీత సూసి పరిగెట్టె, గోసి వొదిలి పరిగెట్టె' అని బొంగురు గొంతుతో పాడింది. కొడుకులిద్దరూ నీళ్లలో కొట్టుకుంటుంటే ఆవిడ బావ గోచీ మీద పాట కట్టింది.

రెండో వీధివాళ్లు మామ్మ పాటకి పలకాలా వద్దా? ముందుగా పలికింది పాట తాతే. "ఐలెస్సా!" అని ఒక్క కేక పెట్టాడు. ఆ వెంటనే రెండు వీధులూ పలికాయి. నేనూ పలికాను, గొంతు చిరిగిపోయేలా పలికాను. అక్కడి నుంచి తాత అలను చూస్తూ చెయ్యి ఎత్తేవాడు, ఆ చెయ్యి దిగేసరికి మామ్మ మాట విడిచేది, మేమందరం లాగేవాళ్లం. పీత అయిపోతే ఆయన బట్టతల, అదీ అయిపోతే ఆయన గురక. నావ ముక్కు ఒడ్డు వైపు తిరిగింది. ఇసకకి తగిలేదాకా మామ్మ ఆపలేదు.

మా నాన్న, తాత పెద్దకొడుకు ఒకరినొకరు పట్టుకుని ఒడ్డెక్కారు. చిన్నాన్న పాక్కుంటూ వచ్చి తాత కాళ్ల దగ్గర పడిపోయాడు. "పిల్లికూనా, బతికీసినావురా" అన్నాడు తాత. ఇద్దరూ ఏడ్చారు. మామ్మ ఎవరినీ దగ్గరికి తీసుకోలేదు, ఇసకలో కూర్చుండిపోయింది.

ఉత్తినే ఐలెస్సా అంటే సరిపోయేది కదా, అంత పాట ఎందుకని మర్నాడు అడిగాను. "ఆడు పాటలో అన్నాడే గుంటా. నానూ పాటలోనే అనాల. మనోలు సెయ్యి సేసుకున్నారు, నాను మన ఈది నోరు మూయించినాను. ఆరు నెల్ల కిందటే పాడీసుంటే ఆ నావ అడ్డం తిరిగీది నేదు" అంది. ఆవిడ తన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు మా ఊళ్లో నావల్ని ట్రాక్టర్లు లాగుతున్నాయి. మా చిన్నాన్న పోయే ముందు ఒకసారి ఆ పాట సంగతి ఎత్తాను. "పీతో, గోసో, మాకేటీ ఇనపడనేదే. రెండు ఈదులూ పలుకుతన్నాయని మట్టుకు తెలిసింది. అప్పుడు బతుకుతామనుకున్నాను" అన్నాడు.

నాది మామ్మ పంతమే, ఇంట్లో అందరూ అంటారు. అయినా తోబుట్టువుతోనో, పక్కింటివాళ్లతోనో నాలుగు రోజులు మాటలు ఆగిపోతే ముందుగా నేనే వెళ్లి తలుపు కొడతాను, ఏదో ఒక వేళాకోళం ఆడి మాట కలుపుతాను. మంచితనం అనుకుంటారు, కాదు. భయం. నావ కనిపించకుండా పోయిన ఆ కాసేపు నాకు ఇప్పటికీ గడవలేదు.