గోల తీసేసిన క్యాసెట్టు

ఆ రోజుల్లో... అని నేను మొదలుపెడితే చాలు మా ఆవిడ నవ్వుతుంది, మూడు నాలుగేళ్ళ కిందటి ముచ్చటకి ఇంత బిల్డప్పా అని. కానీ ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికుండే ధీమా ఆ తర్వాత ఉండదు కాబట్టి, నా మటుకు నాకది వేరే యుగం. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కార్లకి స్టీరియోలు బిగించే షాపులో పని చేసేవాణ్ణి. భీమవరం పక్కనుంచి వచ్చి ఏడాదైంది, అప్పటికే లోకంలో ఏది మంచి శబ్దమో, ఏది చెడ్డదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. పాత ట్రక్కులు నడిపే పఠాన్లు క్యాసెట్లు తెచ్చేవాళ్ళు. నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరలన్నీ శుభ్రంగా తుడిచి, పెన్ డ్రైవ్‌లో వేసిచ్చేవాణ్ణి. వాళ్ళు "వాహ్ ఉస్తాద్" అనేవాళ్ళు. (ఆ మాటే నా కొంప ముంచింది.)

జూలైలో ఓ మధ్యాహ్నం ఒక యుక్రెయిన్ మేడమ్ వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడితే లోపలికి వెలుతురు రానంత భారీ మనిషి, తెల్లటి బుర్రమీసాలు. ఆయనకి మన భాషలేవీ రావు, మాకు ఆయనది రాదు. మేం తాతగారు అనేవాళ్ళం. ఉన్నిమేజోడులో చుట్టిన ఒకే ఒక్క క్యాసెట్టు నా చేతిలో పెట్టారు. యుద్ధం వచ్చి వాళ్ళ మేనత్త ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద జాడీల వెనక దొరికిందట.

"మా నాన్న కుర్రతనంలో అక్కడ ప్రభుత్వం ఒప్పుకున్న పాటలే పాడాలి," అని మేడమ్ ఇంగ్లీషులో చెప్పింది. "ఈయనా, ఇద్దరు స్నేహితులూ పల్లెపాటలు తీసుకుని రంపంతో, బకెట్లతో ప్రయోగాలు చేసేవాళ్ళు. మా నానమ్మ వంటింట్లో దొంగచాటుగా రికార్డు చేశారు. ఆవిడ కూడా గొంతు కలిపింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్," అన్నాను. రంపం, బకెట్టు అన్న మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశానని వేరే చెప్పక్కర్లేదు.

వాళ్ళు వెళ్ళాక క్యాసెట్టు పెట్టాను. ఎడమ స్పీకర్లో ఎక్కడో దూరంగా ఒక పెద్దావిడ గొంతు. కుడి స్పీకర్లో మాత్రం రేకుల షెడ్డు కూలుతున్నట్టు, దాని కింద ఎవరో పడి మూలుగుతున్నట్టు ఏదో ఘోరం. మా ముదీర్ అన్న (ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు; కరీంనగర్ మనిషి, షాపు బాధ్యతంతా ఆయనదే) లోపల్నుంచి పరుగున వచ్చాడు.

"గిదేం పాటరా తమ్మీ? కంప్రెసర్ ఖరాబైందనుకున్న."

"పాట కాదన్నా, టేపు పాడైంది. కుడి పక్క మొత్తం పోయింది."

"మరి సాఫ్ చెయ్, పాపం ముసలాయన."

చేశాను. కుడి పక్కది మొత్తం పీకేశాను. ఎడమ పక్క గొంతుని రెండ్రోజులు కూర్చుని తళతళా మెరిసేట్టు తోమి, పాత ఫైలు మీదే సేవ్ కొట్టాను. ఆ సంతోషంలో క్యాసెట్టుని షాపు వ్యాన్ ముందద్దం కింద పెట్టి పరోటా తినడానికి వెళ్ళాను. జూలై ఎండ కదా, తిరిగొచ్చేసరికి అది వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగిపోయింది. అయినా నేనేం కంగారు పడలేదు. పాట నా దగ్గర భద్రంగా ఉందిగా.

చెప్పిన రోజుకి ఇద్దరూ వచ్చారు. తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్ళికూతుర్ని చూపించినంత మురిపెంగా పాట పెట్టాను. ఆయన కాసేపు విన్నాడు. లేచి కుడి స్పీకర్ దగ్గరికెళ్ళి చెవి ఆనించాడు. రెండుసార్లు తట్టాడు. తర్వాత నావైపు తిరిగి ఏదో అన్నాడు.

"రంపం ఏదీ అంటున్నారు," అంది మేడమ్. "బకెట్టు ఏదీ అంటున్నారు."

"అది... పాడైన చప్పుడనుకుని నేనే తీసేశానండి."

"ఫర్వాలేదు, క్యాసెట్టు నుంచి మళ్ళీ ఎక్కించండి."

నేను అప్పడాన్ని తీసి బల్ల మీద పెట్టాను. "వీడు నిన్ననే చేరిండు మేడమ్," అన్నాడు ముదీర్ అన్న. ఉద్యోగం ఖలాస్, సాయంత్రానికి ఊరికి టికెట్టు కొట్టేస్తారు అనుకుంటూ తల వంచుకున్నాను.

కానీ పాట ఇంకా మోగుతూనే ఉంది. తాతగారు ఉన్నట్టుండి చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు. కనుబొమ్మలు ముడిచి వింటున్నాడు. మేడమ్ మొహం కూడా మారింది.

"ఇది పాట కాదు," అంది మెల్లిగా. "మా నానమ్మ తిడుతోంది."

"ఏమని?"

"బకెట్టు కింద పెట్టండిరా, ఆవుకి నీళ్ళు పట్టాలి, అంటోంది. చుట్టుపక్కలవాళ్ళు ఇంట్లో శవం లేచిందనుకుంటారు, అంటోంది. నాన్న పేరు పెట్టి తిడుతోంది."

ఆ కాలంలో వాళ్ళ దగ్గరున్నది ఒక్క స్పీకర్ పెట్టె. రెండు పక్కలూ దాన్లోనే కలిసి మోగేవి, ఆ గోలలో ఆవిడ మాటలు ఎవరికీ తెలియలేదు. మా అమ్మ నాతో కలిసి పాడింది అని ఆయన జీవితమంతా గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడు షార్జాలో, నా దయవల్ల, స్పష్టంగా తిట్లు తింటున్నాడు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడని నేను మంచినీళ్ళు తెచ్చాను. నవ్వుతున్నాడు. గ్లాసు అందుకునేసరికి నిజంగానే ఏడుస్తున్నాడు. మూడుసార్లు మళ్ళీ పెట్టించుకున్నాడు.

అప్పుడు లేచి షాపంతా తిరిగాడు. పక్క గ్యారేజీ నుంచి ఇనుప రంపం పట్టుకొచ్చాడు, కార్లు కడిగే బకెట్టు బోర్లించి నా ముందు పెట్టాడు, ముదీర్ అన్నకి పానా, ఒక సైలెన్సర్ గొట్టం అందించాడు. "యల్లా," అన్నాడు, ఇక కానివ్వండి అని. మా అందరికీ వచ్చిన మాట అదొక్కటే. ఎడమ పక్క వాళ్ళమ్మ తిడుతుంటే కుడి పక్క మేం వాయించాం, మైకు మేడమ్ పట్టుకుంది. నేను తాళం తప్పకుండా పద్ధతిగా కొడుతుంటే తాతగారు ఆపేసి తల అడ్డంగా ఊపేవాడు. తప్పు కొడితే మెచ్చుకునేవాడు. మధ్యలో పక్క షాపు బంగ్లాదేశీ అతను ఎవరికైనా దెబ్బ తగిలిందా అని చూసి వెళ్ళాడు. ముదీర్ అన్న మాత్రం గొట్టం వదల్లేదు.

నా ఉద్యోగం పోలేదు. మేడమ్ దాన్ని వాళ్ళ దేశపు పాత రికార్డింగులు పోగుచేసే వాళ్ళకి పంపింది, కుడి పక్కది షార్జాలో మళ్ళీ వాయించిందని నిజాయితీగా రాసి మరీ. విన్నవాళ్ళకి అన్నిటికన్నా తిట్లే నచ్చాయట.

ఇప్పుడూ అజ్మాన్ దారిలో ట్రాఫిక్ ఆగిపోతే కార్లో అది పెడతాను. మా ఆవిడ కాసేపు ఓర్చుకుని సౌండు తగ్గిస్తుంది. తగ్గించినా నాకు వినబడుతుంది. రంపం మూలుగుకీ ఆ పెద్దావిడ తిట్లకీ మధ్య, చెమటలు కక్కుకుంటూ ఒకడు బకెట్టు కొడుతుంటాడు. పాపం, ఎంత భయపడుతూ, ఎంత శ్రద్ధగా తప్పు కొడుతున్నాడో అనిపిస్తుంది. వాడి మీద కోపం రాదు, ముద్దొస్తాడు.