బావ యూనిఫారంలో రేపల్లె ప్రయాణం

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కినప్పుడు నేను భారత సైనికుణ్ణి. రేపల్లెలో దిగినప్పుడు బనీను వేసుకున్న బి.ఏ. ఫెయిల్‌ని. మధ్యలో ఏం జరిగిందో తలుచుకుంటే ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి. నవ్వండి, నవ్వాలనే చెబుతున్నాను. చివరిదాకా నవ్వగలరని మాత్రం హామీ ఇవ్వలేను.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన కొత్తలో మా అక్క మొగుడు సెలవు మీద వచ్చాడు. మిలట్రీలో హవల్దారు. ఆయన బజారుకెళితే తెనాలి తెనాలంతా లేచి దారిచ్చేది. రెండోసారి డిగ్రీ తప్పిన నన్ను చూసి మా వీధి కుక్క కూడా లేచేది కాదు. తేడా అంతా ఆ బట్టల్లోనే ఉందని నా పరిశోధనలో తేలింది.

ఇప్పటి సైనికులవి మచ్చల మచ్చల బట్టలు. అప్పట్లో అలా కాదు. ముదురు ఆకుపచ్చ చొక్కా, అదే రంగు ప్యాంటు, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే లోపల మనిషి లేకపోయినా నిలబడేవి. బావ లుంగీ కట్టుకుని వాళ్లమ్మను చూడటానికి బాపట్ల వెళ్లిన రోజున అవి టోపీతో సహా మా ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతున్నాయి. అదే రోజు రేపల్లెలో నా స్నేహితుడి పెళ్లి. ఇంకేం కావాలి? పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. నేను ఆ వాతలు కూడా అరువు తెచ్చుకున్న నక్కను.

రైలెక్కగానే నలుగురు లేచి సీటిచ్చారు. ఒకాయన విసనకర్రతో విసిరాడు. ఎదురుగా తెల్లమీసాల పెద్దాయన ఒకరు పేపరు దించి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, మళ్లీ పేపరు ఎత్తారు. అది గౌరవమనుకున్నాను.

వేమూరు దాటాక, ఖాళీ చేపల గంప పక్కన కూర్చున్న ముసలామె జరుగుతూ జరుగుతూ నా దగ్గరకొచ్చింది.

"మాది అడవులదీవి బాబూ. మావోడు కూడా మిలట్రీలోనే ఉన్నాడు. నాగరాజు. తవరికి తెలుసా?"

తెలియదని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ పెట్టె మొత్తం నా వైపే చూస్తోంది. "నాగరాజా? ఎందుకు తెలీదు!" అన్నాను.

"మూణ్ణెల్లయింది బాబూ, ఉత్తరం ముక్క లేదు. యుద్ధానికెళ్లాడో ఏమో..."

"మొన్నే చూశానమ్మా. దుక్కలా ఉన్నాడు."

ఆమె నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. బావ చొక్కా చేతి మీద తడి. అయినా నోరు ఊరుకుందా? "సెలవు దొరగ్గానే వస్తానన్నాడు" అని కూడా చేర్చింది.

అప్పుడు పేపరు మడిచారు పెద్దాయన.

"ర్యాంకేంటి బాబూ?"

"సిపాయినండి."

"మరి చేతి మీద మూడు పట్టీలున్నాయి. అవేంటి?"

"అవి... డిజైనండి."

పెట్టెలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏ రెజిమెంటు?"

"ఆకుపచ్చ రెజిమెంటండి."

"ఆ టోపీ కుడివైపుకి వాలాలి. నువ్వు ఎడమకి వాల్చావు. నేను సుబేదారుగా రిటైరయ్యాను. మా రోజుల్లో ఖాకీ నిక్కర్లు, కాళ్లకి పట్టీలు. వాటిని మడత చెదరకుండా చుట్టుకోవడానికే తెల్లారిపోయేది. ఆ నిక్కర్లు పోయి ఈ ప్యాంట్లొచ్చాయి. రేపు ఇంకోటొస్తుంది. ఎన్ని మారినా, వేసుకునేవాడు అది సంపాదించుకోవాలి. తియ్యి."

టోపీ తీశాను. చొక్కా కూడా తీశాను. ప్యాంటు జోలికి రాకపోవడం ఆయన దయ.

పెట్టె ఘొల్లుమంది. ఒక్క ముసలామె మాత్రం నవ్వలేదు. నా చెయ్యి వదిలేసి, చాలా మెల్లగా అడిగింది.

"అయితే మావోణ్ణి చూళ్లేదా బాబూ?"

తల అడ్డంగా ఊపాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

బనీనుతో పెళ్లికెళ్లే ముఖం లేక తిరుగు రైలెక్కాను. మర్నాడు బావ రాగానే అంతా కక్కేశాను. రెండు తగిలిస్తాడనుకుని చెంపలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఒరేయ్, ఆవిడది ఏ ఊరన్నావ్?"

"అడవులదీవి బావా."

"చొక్కా వేసుకో. నీదే! ఆ అబ్బాయి యూనిట్ కనుక్కుని నేను ఉత్తరం రాస్తాను. ముందు నువ్వు ఆవిడ కాళ్లు పట్టుకో."

ఆ పూటే ఇద్దరం మళ్లీ రేపల్లె రైలెక్కాం. అడవులదీవిలో ఇల్లు కనుక్కునేసరికి ముసలామె వాకిట్లో వల బాగుచేస్తోంది. నేను వంగేలోపే భుజం పట్టుకుని లేపింది.

"ఉత్తరం వచ్చింది బాబూ, ఇయ్యాల పొద్దున్నే! నువ్వన్నట్టే మావోడు దుక్కలా ఉన్నాడంట. కూకోండి, అన్నం తిందురు."

చేపల పులుసుతో అన్నం పెట్టింది. అంత రుచిగల పులుసు నేను మళ్లీ తినలేదు. అంత కష్టంగా ఏ ముద్దా మింగలేదు. తిన్నాక ఉత్తరంలోంచి ఫోటో తీసి చూపించింది. ఆకుపచ్చ బట్టలు, కుడికి వాలిన టోపీ, నా ఈడు కుర్రాడు.

"నేను ఇతన్ని చూళ్లేదమ్మా. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఫోటో నా చేతిలో పెట్టింది.

"పోన్లే. ఇప్పుడు చూడు."

అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నాది కాని చొక్కా ఈ జన్మలో తొడగను. మా పెళ్లి ఫోటోకి స్టూడియో కోటు వేసుకోమని ఫోటోగ్రాఫరు గడ్డం పట్టుకుని బతిమాలినా వేసుకోలేదు. చూడనిది చూశానని చచ్చినా చెప్పను. గుడి నుంచి వచ్చాక మా ఆవిడ "దర్శనం బాగా అయిందా అండీ?" అని అడిగితే, "ముందాయన తల బాగా కనబడింది, దేవుడు మాత్రం కనబడలేదు" అనే చెబుతాను.