సవేత బాగుచేసిన సర్వరు

ఇనుము పోతపోసే మా ఫౌండ్రీ మూతపడ్డాక రిజిస్టర్లన్నీ కంప్యూటరెక్కించి, అసలు కాగితాలు తగలబెట్టారు. మిగిలింది నాలుగు డిస్కులున్న ఒక పాత సర్వరు. ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. దుమ్ములో చేసిన ఏళ్ళు ‘రెండో తరగతి’ పని, అంటే ఒంటికి హాని చేసే పని అని ధ్రువపత్రం ఉంటేనే మా నలభై మందికీ పింఛను ముందుగా వస్తుంది. ఆ పత్రం ఇవ్వాల్సింది మూసిన కంపెనీ లెక్కలు తేల్చే లిక్విడేటరు, వ్లయికు అనే ఆయన. “మెషీను చచ్చింది, నేనేం చెయ్యను?” అని చేతులు దులుపుకున్నాడు.

సవేత ఒకప్పుడు ఫౌండ్రీ కంప్యూటరు గదిలో పనిచేసింది. ఇప్పుడు బడిలో నేల తుడుస్తుంది. ఆమె అక్క మొగుడు పార్తెనీ పదిహేడేళ్ళు ఇసుక అచ్చుల దగ్గర ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. అరవై ఒకటో ఏట రంపపు మిల్లులో దుంగలు మోస్తున్నాడు. పదిహేడేళ్ళూ లెక్కకొస్తే ఈ ఏడే మానెయ్యొచ్చు.

సవేత వ్లయికు ఆఫీసుకు వెళ్ళి సర్వరు వెనక వాసన చూసింది. కాలిన కంపు.

“చచ్చింది మెషీను కాదు సార్, దీని పవర్ సప్లై. డిస్కులకేం కాలేదు.”

“తుడుపుకర్రతో బాగుచేస్తావా అమ్మా?”

“కర్ర కూడా తెస్తా లెండి. మీ ఆఫీసుకు దాని అవసరం కనబడుతూనే ఉంది.”

బడి పారేసిన కంప్యూటరు లోంచి పవర్ సప్లై ఊడదీసి తెచ్చింది. ప్లగ్గు అచ్చంగా సరిపోయింది.

“పట్టింది కదే మరదలా, స్విచ్చెయ్యి!” అన్నాడు తోడొచ్చిన పార్తెనీ.

“పట్టడానికేం బావా! నా పెళ్ళిలో నీ కోటు మా ఆయనకూ పట్టింది. చేతులు మోచేతుల దగ్గరే ఆగాయి.”

ఆమె ఆగడమే మంచిదైంది. ప్లగ్గు ఆకారం మామూలుదే. లోపలి తీగల వరసను మాత్రం సర్వరు చేసినవాళ్ళు తమకిష్టమొచ్చినట్టు మార్చారు, మళ్ళీ తమ దగ్గరే కొనాలి కదా! అలాగే స్విచ్చేసి ఉంటే బోర్డు కాలిపోయేది. సవేత పాత పవర్ సప్లై పెట్టె మీది తీగల పట్టీ చదివి, మీటరుతో ఒక్కో తీగా కొలిచి, సూదితో పిన్నులు లాగి వరస సరిచేసింది. రెండు మధ్యాహ్నాలు పట్టింది. స్విచ్చెయ్యగానే డిస్కులు ఒకదాని వెంట ఒకటి తిరిగాయి. పార్తెనీ శిలువ గుర్తు వేసుకున్నాడు.

జాబితా తెరిచారు. పార్తెనీ పేరుకెదురుగా మొదటి పదేళ్ళూ ‘2’. ఆ తరవాతి ఏడేళ్ళూ ‘0’, అంటే మామూలు పని. సున్నాలు ఎక్కించినవారి పేరు: సవేత.

“ఇదేంటే? నీ పేరుందేంటి?”

“అప్పట్లో ఫౌండ్రీ డైరెక్టరు చీటీ పంపాడు బావా. రెండుకు బదులు సున్నా కొట్టమన్నాడు. కొత్త నంబర్లేమో అనుకున్నా. అడగలేదు.”

పార్తెనీ చాలాసేపు దగ్గాడు. “నేను మాత్రం అడిగానా? జీతం చీటీ మీదా ఆ సున్నా ఉండే ఉంటుంది. ఎవడైనా చదివాడా? సంతకం గీకి సారాకొట్టుకు పరిగెత్తాం.”

రెండో తరగతి మనిషి కోసం యజమాని పింఛను నిధికి ఎక్కువ కట్టాలి. సున్నా కొడితే ఆ ఖర్చు ఉండదు. దుమ్ము మాత్రం ఆ ఏడేళ్ళూ అంతే ఉంది.

మేం అడగబోయిన లాయరు అసలు సంగతి చెప్పాడు: “రికార్డులు నాశనమై ఉంటే కోర్టు మీ సాక్ష్యాలు వినేది. ఇప్పుడు రికార్డు ఉంది కదమ్మా, అందులో ఉన్నదే చెల్లుతుంది.”

అయినా సవేత కోర్టుకెక్కింది. “సున్నాలు కొట్టింది నేనే. కొట్టించింది వాళ్ళు,” అంది. చీటీ ఏదని జడ్జి అడిగాడు. చీటీ ఎవరు దాచుకుంటారు? కేసు పోయింది.

ఊళ్ళో కొందరు ఇప్పుడామెను చూసి మొహం తిప్పుకుంటున్నారు. సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్న డైరెక్టరు వేసవికి ఇక్కడికొస్తే, వాళ్ళే గౌరవంగా టోపీలు తీస్తారు. ఆ రోజుల్లో అడగని నేరం మా అందరిదీ. దాన్ని ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

వ్లయికు పార్తెనీకి పది నిమిషాల్లో ధ్రువపత్రం తీసిచ్చాడు. పదేళ్ళే, ముద్రతో సహా. ఆ లెక్కన పింఛనుకు ఇంకా రెండేళ్ళు ఆగాలి. “మెషీను భేషుగ్గా నడుస్తోందమ్మా,” అన్నాడు సవేతతో.

“రెండేళ్ళేగా, మోస్తాలే,” అని పార్తెనీ పత్రం మడిచి జేబులో పెట్టుకుని, రెండో షిఫ్టుకు మిల్లు బస్సెక్కాడు.