ఒకేలా కీచుమన్న మూడు క్యాసెట్లు

నిన్న సొరుగు సర్దుతుంటే పాత క్యాసెట్ ఒకటి దొరికింది. పెన్సిల్ దూర్చి టేపు చుట్టిన మన ఈడు వాళ్లకి చెబితేనే ఇది నమ్ముతారు.

ఎనభైల చివర, నేను టెన్త్ చదివే రోజులు. ప్రత్తిపాడులో మా ఇంట్లో టీవీకి తగిలించే కంప్యూటర్ దిగింది. అప్పట్లో ప్రోగ్రాములు కూడా పాటల్లాగే క్యాసెట్లలో వచ్చేవి, గుర్తుందా? దాన్ని బిగించడానికి మా ఇంటికొచ్చిన గుంటూరు షాపతను మూడు చూపించాడు. ఒకటి లెక్కలు రాసేది, ఒకటి జాతకం చెప్పేది, ఇంకోటి ప్రోగ్రాములు రాయడం నేర్పేది. నాన్న ఒక్కటే కొంటానన్నారు. నాకు మూడోదే కావాలి. జాతకం ఇంట్లోకొస్తే అది మొదట తేల్చేది నా పెళ్లేనని నా అనుమానం.

నాన్న మిర్చి వ్యాపారి. కాయ విరిచి వాసన చూడనిదే బస్తా కొనేవారు కాదు. అలాగే మూడు క్యాసెట్లనీ మా టేప్‌రికార్డర్లో పెట్టి విన్నారు. మూడూ ఒకేలా కీచుమన్నాయి.

"ఒకే సరుకుకి మూడు పేర్లు పెట్టావా?"

"అది కంప్యూటర్ భాషండీ. మనకి తెలీదు," అన్నాడు షాపతను.

"నాకు తెలీని భాషదానికి నా లెక్కలు అప్పజెప్పమంటావా?" అని మొదటిది పక్కన పెట్టేశారు.

"పోనీ జాతకం తీసుకోండి. మీ అమ్మాయి పుట్టిన టైము చెబితే చాలు."

"మా అమ్మాయి పుట్టిన టైముతో దానికేం పనయ్యా?" అని అదీ తోసేశారు.

మూడోది నా చేతిలో పెట్టి గొంతు తగ్గించారు. "ఆ భాషేదో నువ్వు నేర్చుకోవే. లోపల ఏం మాట్లాడుకుంటున్నాయో నాకొక్కడికే చెప్పు."